డ్రోసోఫిలా విషహరణ జన్యువులు: ఇన్‌బ్రెడ్ లైన్‌లో సిప్6జి1 హెటరోజైగస్‌గా ఎందుకు కనిపిస్తోంది?

ఈగలసీసా (బెంగళూరు)

నమస్కారమండీ. కేఆర్ మార్కెట్ చుట్టుపక్కల అరటిపండు ఎరతో పట్టిన డ్రోసోఫిలా మెలనోగాస్టర్ ఈగల నుంచి ఆరు ఐసోఫీమేల్ లైన్లు (ఒక్క ఆడ ఈగ సంతతి ఒక్కో లైన్) కట్టి, ఒక్కోదాన్ని 20 తరాలు తోబుట్టువులతోనే జతకట్టించాం. తర్వాత ప్రతి లైన్ నుంచి 30 ఆడ ఈగల డీఎన్‌ఏ కలిపి ఇల్యూమినా షార్ట్ రీడ్లు (చిన్న డీఎన్‌ఏ ముక్కల క్రమాలు) తీయించాం. లోతు, అంటే ఒక్కో బేస్‌ను కప్పే రీడ్ల సంఖ్య, సగటున 40 రెట్లు. రిఫరెన్స్ జీనోమ్ మీద రీడ్లను కూర్చాక రెండు చోట్ల ఆగిపోయాం.

మొదటిది సిప్6జి1, విషాలను విరిచే పి450 ఎంజైమ్ జన్యువు. నాలుగు లైన్లలో ఈ జన్యువు దగ్గర లోతు 80 దాటుతోంది, పైగా అక్కడ వరుసగా హెటరోజైగస్ స్థానాలు (రెండు రకాల బేస్‌లు కనిపించేవి) వస్తున్నాయి. ఐదో లైన్‌లో లోతు 60 దగ్గర ఉంది. ఆరో దాంట్లో మామూలుగా 40, హెటరోజైగస్ స్థానాలే లేవు. ఇన్ని తరాల ఇన్‌బ్రీడింగ్ తర్వాత ఇదేమిటి? సీసాలు కలిసిపోయాయా?

రెండోది 2ఆర్ (రెండో క్రోమోజోమ్ కుడి చేయి) మీద 51డి పట్టీ దగ్గరున్న సిప్6ఎ జన్యువుల గుంపు. మెలనోగాస్టర్, సిమ్యులన్స్, సెషెలియా, యకుబా, ఎరెక్టా జాతుల క్రమాలన్నీ కలిపి కోడ్‌ఎమ్‌ఎల్ అనే ప్రోగ్రామ్‌లో ఎమ్7 (పాజిటివ్ సెలక్షన్ లేనిది), ఎమ్8 (ఉన్నది) నమూనాలు పోలిస్తే పాజిటివ్ సెలక్షన్ (ప్రొటీన్ మార్పులను ఎంపిక ముందుకు నెట్టడం) గట్టిగానే వస్తోంది. పురుగుమందుల ఒత్తిడి వల్ల ఈ ఎంజైములు మారుతున్నాయని రాయొచ్చా?

జన్యులిపి (బెంగళూరు)

ఈగలసీసా గారూ, సీసాలు కలిసి ఉంటే హెటరోజైగస్ స్థానాలు జీనోమ్ అంతా చెదిరి ఉండాలి. మీకు ఒక్క చోటే వచ్చాయి, అదీ లోతు రెట్టింపైన చోటే. ఇది కలుషితం కాదు, డూప్లికేషన్. రిఫరెన్స్‌లో సిప్6జి1 ఒక్కటే కాపీ. మీ లైన్లలో పక్కపక్కనే రెండు ఉన్నాయి. రెండు కాపీల రీడ్లూ వెళ్లి రిఫరెన్స్‌లోని ఆ ఒక్క కాపీ మీదే కూర్చుంటాయి. కాపీల మధ్య తేడా ఉన్న ప్రతి బేస్ హెటరోజైగస్‌లా కనిపిస్తుంది, అంతే.

ఐదో లైన్ సంగతి కూడా లెక్కకు సరిపోతోంది. 60ని 40తో భాగిస్తే 1.5. మీరు 30 ఈగలు కలిపారు కాబట్టి డూప్లికేషన్ ఉన్న క్రోమోజోములు, లేనివి ఆ లైన్‌లో ఇంకా సగం సగం తిరుగుతున్నాయని అర్థం. తోబుట్టువుల జతలో హెటరోజైగోసిటీ తరానికి సుమారు 0.81 వంతుకు తగ్గుతుంది, కనుక 20 తరాలకు 1 నుంచి 2 శాతం మిగలడం మామూలే. ఆ లైన్‌లో అల్లీల్ నిష్పత్తి (ఒక్కో బేస్‌కు వచ్చిన రీడ్ల వంతు) చూడండి. రెట్టింపు లోతున్న నాలుగు లైన్లలో కాపీల మధ్య తేడా 0.5 దగ్గర గుమిగూడుతుంది. ఐదో దాంట్లో రెండో కాపీకి మాత్రమే ఉన్న బేస్ 0.33 దగ్గర రావాలి. అలా వస్తే ఇక అనుమానం అక్కర్లేదు.

ఒక్క జాగ్రత్త. ఇన్‌వర్షన్లు (క్రోమోజోమ్ ముక్క తలకిందులై అతుక్కోవడం) కూడా ఇన్‌బ్రెడ్ లైన్లలో హెటరోజైగోసిటీని అంటిపెట్టుకుని ఉంచుతాయి. కానీ అప్పుడు హెటరోజైగస్ స్థానాలు లక్షల బేస్‌ల పొడవునా పరుచుకుంటాయి, లోతు మాత్రం 40 దగ్గరే ఉంటుంది. 2ఆర్ మీద ప్రపంచమంతా కనిపించే ఎన్‌ఎస్ ఇన్‌వర్షన్ 52ఎ నుంచి 56ఎఫ్ దాకా పోతుంది. సిప్6జి1 ఉన్న ప్రాంతం దానికి బయట. మరో విషహరణ ఎంజైముల కుటుంబం జీఎస్‌టీలోని ఎప్సిలాన్ గుంపు ఉన్న 55సి మాత్రం సరిగ్గా లోపల పడుతుంది, కనుక రేపు ఆ గుంపు చూసేటప్పుడు ఇదే లక్షణాన్ని డూప్లికేషన్ అనుకుని పొరబడే ప్రమాదం ఉంది.

నిర్ధారణకు మూడు పనులు చేయండి. జత రీడ్లలో ఒకదానికొకటి ఎదురు చూడాల్సినవి బయటికి చూస్తున్నాయేమో వెతకండి. పక్కపక్కన చేరిన డూప్లికేషన్ అతుకు దగ్గర అవి తప్పక వస్తాయి. లోతును మొత్తం జీనోమ్ సగటుతో కాక 2ఆర్ మధ్యగతంతో పోల్చండి. సగటులో పునరావృత క్రమాలు, వోల్బాకియా (ఈగ కణాల్లో ఉండే బాక్టీరియా) రీడ్లు అన్నీ కలిసి అంకె చెడిపోతుంది. మూడోది, జీనోమిక్ డీఎన్‌ఏ మీద క్యూపీసీఆర్ (కాపీల సంఖ్యను కొలిచే పీసీఆర్). ఒకే కాపీ ఉండే ఆటోసోమ్ జన్యువు ఆర్‌పీఎల్32ను ఆధారంగా పెట్టి, రిఫరెన్స్ స్ట్రెయిన్‌తో పోల్చండి. రెండు కాపీలైతే సీటీ (సంకేతం హద్దు దాటే చక్రం) తేడా 1.0, 1.5 కాపీలైతే 0.58. ఈ 0.58ని పట్టాలంటే మూడు టెక్నికల్ ప్రతులు చాలవు, ఐదు పెట్టండి. ప్రైమర్ సామర్థ్యం 90 నుంచి 110 శాతం మధ్య ఉందో లేదో నాలుగు రెట్ల చొప్పున ఐదు పలుచనల మీద ముందే చూసుకోవాలి. ప్రైమర్ 3 ప్రైమ్ కొసను పక్క జన్యువు సిప్6జి2తో కలవని బేస్ మీద ఆపండి. ఈ పనిలో అంకెలు చెడేది ఎక్కువగా అక్కడే.

మీకు దొరికింది చాలా విలువైన చోటు. 2002లో తేలిన సంగతి ఏమిటంటే, డీడీటీని తట్టుకునే ఈగల్లో సిప్6జి1 ప్రొటీన్ మారలేదు, జన్యువు ముందు అకార్డ్ అనే రెట్రోట్రాన్స్‌పోజాన్ (జీనోమ్‌లో తన ప్రతులను కొత్త చోట్ల దూర్చే డీఎన్‌ఏ) ముక్క వచ్చి దూరింది. 491 బేస్‌ల ఎల్‌టీఆర్ (దాని కొసల్లో ఉండే పునరావృత ముక్క) అది. దాని వల్ల మధ్యపేగు, మాల్పీజియన్ నాళికలు, కొవ్వు కణజాలం ఈ మూడింటిలో ఎంజైమ్ ఎక్కువగా తయారవుతుంది. విషం ఒంట్లోకి వచ్చే దారి, బయటికి పోయే దారి, నిల్వ ఉండే చోటు అవే మరి. ఆ తర్వాత జన్యువు రెండు కాపీలైంది. తర్వాత ఒక కాపీ ముందున్న అకార్డ్‌లోకి హెచ్‌ఎమ్‌ఎస్ బీగిల్ అనే మరో ట్రాన్స్‌పోజాన్ చేరింది, కొన్నిటిలో పీ ఎలిమెంట్ అనే ఇంకొకటి కూడా దూరింది. ఈ అల్లీళ్లను (జన్యువు రూపాలను) ఎమ్ (ఏమీ దూరని పాతది), ఏఏ, బీఏ, బీపీ అంటారు, తట్టుకునే శక్తి కూడా అదే వరుసలో పెరుగుతుంది. పీ ఎలిమెంట్ ఈ జాతిలోకి 20వ శతాబ్దం మధ్యలోనే విల్లిస్టోని నుంచి వచ్చింది కాబట్టి బీపీ అంతకంటే పాతది కాలేదు. ఒకే చోట నాలుగు మెట్ల పరిణామం, అదీ మనుషుల జ్ఞాపకం అందేంత దగ్గరి కాలంలో! ఇంత శుభ్రంగా కనిపించే ఉదాహరణ నాకు మరొకటి తెలియదు.

ఆఫ్రికా బయటి జనాభాల్లో అకార్డ్ 85 నుంచి 100 శాతం, తూర్పు ఆఫ్రికాలో 32 నుంచి 55 శాతం ఉన్నట్టు 2004లో లెక్కించారు. కనుక మీ ఆరిటిలో ఎక్కువ వాటికి ఉండడం వింత కాదు. డూప్లికేషన్ లేని ఆ ఆరో లైన్‌ను మాత్రం పారేయకండి, మీకు అదే బంగారం లాంటి కంట్రోల్.

పీసీఆర్‌తో అల్లీల్ చూసేటప్పుడు రెండు పక్కలా జీనోమ్ ప్రైమర్లే పెడితే చిన్న ముక్క గెలిచి పెద్దది రాకుండా పోతుంది. ఒక ప్రైమర్ జీనోమ్‌లో, రెండోది ట్రాన్స్‌పోజాన్ లోపల ఉండేలా ప్రతి అతుకుకూ విడిగా చేయండి.

హెసరఘట్టదారి (బెంగళూరు)

పై జవాబు జన్యువుల సంగతి చెప్పింది, నేను ఈగ సంగతి చెబుతాను. మన దగ్గర పండు ఈగ అంటే రైతులకు మామిడిని కుళ్లబెట్టే బాక్ట్రోసెరా డోర్సాలిస్. అది టెఫ్రిటిడే కుటుంబం, మిథైల్ యూజినాల్ ఎరకు మగవి వచ్చి పడతాయి. డ్రోసోఫిలా కుటుంబమే వేరు, పండిపోయిన పండు మీది ఈస్ట్ కోసం వస్తుంది. ఇంటర్నెట్‌లో ఇంగ్లిష్ పేరు ఒకటే కావడంతో ఒకదాని మందు మోతాదులు రెండోదానికి ఎత్తి రాస్తున్నారు. అలా చేయకండి. బాక్ట్రోసెరా పొలంలో నేరుగా మందు తాగుతుంది, డ్రోసోఫిలాకు తగిలేది ఎక్కువగా పండు మీద మిగిలిన అవశేషం.

ఇంకొకటి. దక్షిణాదిలో మార్కెట్ ఎరకు అనానాసే, నసూటా, జాప్రియోనస్ ఇండియానస్ కూడా దండిగా వస్తాయి. జాప్రియోనస్‌ను ఒంటి మీది తెల్ల చారలతో కళ్లతోనే తీసేయొచ్చు. సిమ్యులన్స్‌కూ మెలనోగాస్టర్‌కూ ఆడవాటిలో తేడా చెప్పడం కష్టం. లైన్‌లో పుట్టిన మగ ఈగల జననాంగపు వంపు సూక్ష్మదర్శిని కింద చూసి తేల్చుకోండి, లేదా సీఓఐ బార్‌కోడ్ (జాతిని గుర్తించే మైటోకాండ్రియా జన్యువు క్రమం) చేయించండి. సిమ్యులన్స్‌లోనూ సిప్6జి1 ముందు డాక్ అనే వేరే ట్రాన్స్‌పోజాన్ దూరిన సంగతి ఉంది కాబట్టి ఇక్కడ జాతి తప్పితే కథంతా తప్పుతుంది.

క్రమవరుస (చెన్నై)

రెండో ప్రశ్నకు నా జవాబు: ఇప్పుడే రాయకండి. ఎమ్7, ఎమ్8 పోలిక ఆ గుంపులో మోసం చేయడానికి కనీసం మూడు కారణాలున్నాయి.

అన్నిటికంటే పెద్దది జీన్ కన్వర్షన్. 51డి దగ్గర సిప్6ఎ8, 9, 17, 19, 20, 21, 22, 23 అన్నీ ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. సిప్6ఎ17, సిప్6ఎ23 మరీ దగ్గరివి. పక్కపక్కనున్న కాపీలు ఒకదాని ముక్క ఒకటి రాసుకుంటూ ఉంటాయి. అప్పుడు జన్యువు మొదటి సగానికి ఒక వృక్షం, రెండో సగానికి వేరే వృక్షం అవుతుంది. కోడ్‌ఎమ్‌ఎల్‌కు మీరు ఒక్క వృక్షమే ఇస్తారు. అది ఆ వృక్షంలో ఇమడని మార్పులన్నిటినీ కొత్త మార్పులుగా లెక్కేసి డీఎన్ (అమైనో ఆమ్లాన్ని మార్చే మార్పుల రేటు) పెంచేస్తుంది. ముందు హైఫై ప్రోగ్రామ్‌లోని గార్డ్ పరీక్షతో విరుపులు ఎక్కడున్నాయో చూడండి. విరుపు ఉంటే ఆ జన్యువును ముక్కలుగా చేసి, ఏ ముక్కకు ఆ వృక్షంతో నడపండి.

ఆర్థోలాగ్‌లను (వేర్వేరు జాతుల్లో ఉన్న ఒకే పూర్వీక జన్యువు రూపాలను) బ్లాస్ట్ (క్రమాల పోలికను వెతికే ప్రోగ్రామ్) స్కోరుతో ఏరవద్దు. గుంపుకు రెండు వైపులా ఉన్న పొరుగు జన్యువులు పట్టుకుని, క్రోమోజోమ్ మీద వరుస చూసి ఏరండి. సిప్6ఎ17 కొన్ని ఈగల్లో తొలగిపోయి ఉంటుంది. ఒక జాతి అసెంబ్లీలో అది లేకపోతే బ్లాస్ట్ సిప్6ఎ23ను తెచ్చి ఆ స్థానంలో పెడుతుంది, మీరు గుర్తుపట్టలేరు.

రెండోది అలైన్‌మెంట్. పి450ల ఎన్ కొసన పొర లంగరు ఉంటుంది, ఆటోమేటిక్ అనొటేషన్ మొదటి మిథియోనిన్‌ను తరచూ తప్పు చోట పెడుతుంది. కోడాన్ వారీగా ప్రాంక్ ప్రోగ్రామ్‌తో అలైన్ చేసి, బేయీస్ సంభావ్యత 0.95 దాటిన ప్రతి స్థానాన్నీ కళ్లతో చూడండి. గ్యాప్ పక్కన పడ్డ స్థానం ఉంటే అనుమానించండి. ప్రతి క్రమంలో హీమ్ పట్టుకునే చోట సిస్టీన్, కె హెలిక్స్‌లో గ్లుటమేట్, ఆర్జినిన్ ఉన్నాయో లేదో చూడండి. లేనిది సూడోజీన్ (పని చేయని జన్యువు) కావచ్చు. సూడోజీన్ అయితే డీఎన్, డీఎస్ (అమైనో ఆమ్లాన్ని మార్చని మార్పుల రేటు) నిష్పత్తి 1 వైపు జరుగుతుంది, అది సెలక్షన్ కాదు, సెలక్షన్ సడలడం.

మూడోది నమూనా ఎంపిక. ఎమ్8ను, నిష్పత్తిని 1 దగ్గర ఆపే ఎమ్8ఎతో కూడా పోల్చాలి. ఎమ్7తో పోలికకు 2 డిగ్రీలు, హద్దు 5.99. ఎమ్8ఎతో 50:50 మిశ్రమ పంపిణీ ప్రకారం 2.71. ఎమ్7 మీద గెలిచి ఎమ్8ఎ మీద ఓడిందంటే మీరు చూసింది నిష్పత్తి 1 దగ్గరున్న స్థానాలనే. ఐదు జాతులతో ఈ పరీక్షకు బలం కూడా తక్కువే. అలాగని అబ్‌స్క్యూరా గుంపు దాకా పోకండి, అక్కడ మెలనోగాస్టర్‌తో డీఎస్ 1 దాటిపోయి సంతృప్తమవుతుంది. మెలనోగాస్టర్ ఉపగుంపుకు దగ్గర్లోనే జాతులు పెంచండి.

మీ పైప్‌లైన్‌ను నమ్మొచ్చా అనే దానికి మంచి పరీక్ష ఒకటుంది. పి450లు రెండు రకాలు. ఎక్డైసోన్ హార్మోన్ తయారుచేసేవి జాతి జాతికీ ఒక్కొక్కటే ఉండి కదలకుండా నిలుస్తాయి. విషాలతో పనిచేసేవి గుంపులుగా పుడుతూ పోతూ ఉంటాయి. డిసెంబాడీడ్, షేడ్ ఈ రెండింటినీ మీ లోతు లెక్కలోనూ కోడ్‌ఎమ్‌ఎల్‌లోనూ పెట్టండి. అక్కడ కూడా రెండు కాపీలో, పాజిటివ్ సెలక్షనో వస్తే తప్పు మీ పద్ధతిలో ఉంది. ఫాంటమ్ వద్దు, అది ఎక్స్ మీద ఉంది, మగ ఈగలు కలిస్తే లోతు తగ్గుతుంది. స్పూక్ కూడా వద్దు, దానికి నిజంగానే డూప్లికేట్లు ఉన్నాయి.

ఇక పురుగుమందుల ఒత్తిడి అనే మాట. యకుబాకూ మెలనోగాస్టర్‌కూ మధ్య వచ్చిన అమైనో ఆమ్ల మార్పులు లక్షల ఏళ్ల నాటివి. 1940లలో వాడకంలోకి వచ్చిన డీడీటీ వాటికి కారణం ఎలా అవుతుంది? జాతుల మధ్య పోలిక పాత కథ చెబుతుంది: ఈస్ట్, బూజు, మొక్కల విషాలు. పురుగుమందుల కథ కావాలంటే జాతి లోపల, ఈ మధ్య పైకొచ్చిన హాప్లోటైపుల్లో వెతకాలి. అక్కడ ఎక్కువగా కనిపించేది మీ సిప్6జి1 లాంటి కాపీలు, ట్రాన్స్‌పోజాన్లే, ప్రొటీన్ మార్పులు కావు. ఏస్ జన్యువులో అమైనో ఆమ్ల మార్పులు ఉన్నమాట నిజమే కానీ అది విషం తగిలే గురి, విషాన్ని విరిచే ఎంజైమ్ కాదు. రెండింటినీ ఒకే పేరాలో కలపకండి.

ఆహారపు విషాలన్నిటికీ పి450లే జవాబని కూడా అనుకోవద్దు. సెషెల్స్ దీవుల్లో నోని పండు మీద బతికే సెషెలియా ఆక్టనోయిక్ ఆమ్లాన్ని తట్టుకోవడంలో ముందుకొచ్చినవి ఒసిరిస్ జన్యువులు, అవి ఈ కుటుంబాల్లో దేనికీ చెందవు. నికోటిన్ విషయంలో యూజీటీ86డీడీ అనే జన్యువులో 22 బేస్‌లు తెగిపోతే తట్టుకునే శక్తి పడిపోతుంది. అదే నికోటిన్‌కు సిప్28డి1 డూప్లికేషన్ కూడా ఉపయోగపడుతుంది, దాన్ని షార్ట్ రీడ్లు చూడలేదు, లాంగ్ రీడ్ అసెంబ్లీలోనే బయటపడింది. మీ దగ్గర డబ్బు ఒక్క లైన్‌కే సరిపోతే ఆ 60 లోతు లైన్ వదిలేసి, రెట్టింపు ఉన్నదాంట్లో ఒకదానికి నానోపోర్ (లాంగ్ రీడ్ సీక్వెన్సింగ్) చేయించండి. రెండు కాపీలనూ అంచు నుంచి అంచు దాకా దాటే రీడ్ ఒక్కటి దొరికినా వాదన ముగుస్తుంది. డీఎన్‌ఏ తీసే ముందు ఈగలను మూడు నాలుగు గంటలు తడి కాగితం మీద ఆకలితో ఉంచితే పేగులోని ఈస్ట్ డీఎన్‌ఏ తగ్గుతుంది.

ఈగలసీసా (బెంగళూరు)

ఇద్దరికీ, హెసరఘట్టదారి గారికీ ధన్యవాదాలు. అల్లీల్ నిష్పత్తి చూశాను, ఐదో లైన్‌లో 0.33 దగ్గరే గుమిగూడింది. సిప్6ఎ పేరా తీసేస్తున్నాను. ఇప్పుడు డూప్లికేషన్ ఉన్న లైన్లు నిజంగా మందు ఎక్కువ తట్టుకుంటాయా అన్నది చూడాలి. డీడీటీ తెప్పించే ఉద్దేశం లేదు. ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందుతో ఎలా పెట్టమంటారు? అంగట్లో దొరికే 17.8 ఎస్‌ఎల్ (17.8 శాతం ద్రావణం) వాడొచ్చా?

హెసరఘట్టదారి (బెంగళూరు)

అంగడి సీసా వద్దండీ. అందులో మందుతోపాటు ద్రావకాలు, తడిపే పదార్థాలు ఉంటాయి, అవి ఒంటరిగానే పిల్లపురుగులను చంపగలవు. మీరు కొలిచేది దేన్నో మీకే తెలియదు. శుద్ధ టెక్నికల్ గ్రేడ్ తీసుకోండి. ఇమిడాక్లోప్రిడ్ 20 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో సుమారు 0.6 గ్రాములు కరుగుతుంది కాబట్టి అసిటోన్ అవసరమే లేదు. లీటరుకు 100 మిల్లీగ్రాముల నీటి ద్రావణం చేసి, చీకటి సీసాలో ఉంచండి, వెలుతురుకు అది విరుగుతుంది.

ఆహారం కాచి, 50 డిగ్రీలకు చల్లారాక మందు కలపండి. 10 మిల్లీలీటర్ల ఆహారానికి ఆ ద్రావణం 100 మైక్రోలీటర్లు పోస్తే 1 పీపీఎమ్. ప్రతి మోతాదుకూ కలిపే నీటి పరిమాణం ఒకటే ఉండాలి, కంట్రోల్‌కు కూడా. లేకపోతే పలుచటి ఆహారంలో పిల్లపురుగులు మునిగి చస్తాయి. మొదటిసారి 0.01 నుంచి 10 పీపీఎమ్ దాకా పది రెట్ల మెట్లతో వెతుకులాట చేయండి. చావు 10 నుంచి 90 శాతం మధ్య పడే పరిధి తెలిశాక అక్కడ రెండు రెట్ల మెట్లతో ఆరు మోతాదులు పెట్టండి. సీసాకు 50 మొదటి దశ పిల్లపురుగులు, మోతాదుకు ఐదు సీసాలు. బయటికొచ్చిన పెద్ద ఈగలను లెక్కించండి.

గుడ్లు లెక్కపెట్టి వేస్తే పొదగని గుడ్లు మందు ఖాతాలో పడతాయి, అందుకే పిల్లపురుగులనే కుంచెతో ఏరి వేయాలి. కంట్రోల్‌లో చావు 5 నుంచి 20 శాతం ఉంటే అబాట్ సవరణ (కంట్రోల్ చావును తీసేసే లెక్క) చేయండి, 20 దాటితే ఆ విడత మొత్తం వదిలేయండి. సీసాలు ఇంక్యుబేటర్‌లోనే పెట్టండి. డిసెంబర్ రాత్రి మన బెంగళూరు గదిలో బల్ల మీద పెట్టిన సీసాకు, 25 డిగ్రీల సీసాకు ఎదుగుదలలో రోజుల తేడా వస్తుంది, మందు తిన్న కాలమూ మారిపోతుంది.

జన్యులిపి (బెంగళూరు)

రెండు మాటలు కలుపుతాను. ఆరు లైన్లలో తేడా కనిపించినా అది సిప్6జి1 వల్లే అని చెప్పడానికి అది చాలదు, లైన్లకు లైన్లకు మధ్య లక్షల తేడాలుంటాయి. ఆ ఐదో లైన్ ఇక్కడ పనికొస్తుంది. దాని నుంచి ఒక్కో జత తీసి, పీసీఆర్‌తో చూసి, డూప్లికేషన్ ఉన్న ఉపలైన్, లేని ఉపలైన్ విడగొట్టండి. మిగతా జీనోమ్ దాదాపు ఒకటే అవుతుంది కాబట్టి పోలిక శుభ్రంగా ఉంటుంది.

గాల్4, యూఏఎస్ పద్ధతిలో (కోరిన కణజాలంలో జన్యువును పనిచేయించే పద్ధతి) సిప్6జి1ను పెంచి చూడాలనుకుంటే డ్రైవర్ స్టాక్ రెండో క్రోమోజోమ్ మీద ఏ అల్లీల్ ఉందో ముందు జీనోటైప్ చేయండి. ల్యాబ్ స్టాక్ అంటే సున్నితమైనదే అన్న హామీ లేదు, అందులోనే ఏఏ అల్లీల్ ఉంటే మీ కంట్రోలే తట్టుకుంటుంది. ఎక్స్‌ప్రెషన్ కొలిచేటప్పుడు మొత్తం ఆడ ఈగను నూరకండి. అండాశయాల ఆర్‌ఎన్‌ఏ మిగతాదాన్ని ముంచేస్తుంది. మాల్పీజియన్ నాళికలు, మధ్యపేగు 20 ఈగల నుంచి విడిగా తీసి, ఒకే వయసు, ఒకే పూట, ఒకే ఆహారం మీద చేయండి.

పైపెరొనిల్ బ్యుటాక్సైడ్ కలిపి పి450లను ఆపి చూడమని ఎవరైనా చెబుతారు. ఇమిడాక్లోప్రిడ్‌తో అది పనికొస్తుంది, ఈ ఎంజైమ్ దాన్ని 4, 5 స్థానాల్లో హైడ్రాక్సీ రూపాలుగా మారుస్తుంది కాబట్టి ఆపితే చావు పెరగాలి. దానంతట అది ఈగలను చంపని మోతాదు ముందు కనుక్కుని అక్కడే వాడండి. అదే పరీక్షను మలాథియాన్‌కు పెట్టకండి. పి450లు మలాథియాన్‌ను మలాక్సాన్‌గా మారుస్తాయి, అసలు విషం మలాక్సానే. అక్కడ ఎంజైమ్‌ను ఆపితే ఈగలు ఇంకా ఎక్కువగా బతకొచ్చు, ఫలితం తలకిందులుగా చదువుకుంటారు.